గల్లీ మారింది, నాకు దిగులు పట్టింది

హోటల్‌కు పోవడం ఏ రోజు మానేశానో నాకు సరిగా గుర్తు లేదు. జ్వరమైతే ఫలానా రోజు వచ్చిందని చెప్పవచ్చు. కాలు విరిగితే ఎక్కడ పడ్డామో చూపించవచ్చు. నాకు వచ్చిన జబ్బు అట్లా రాలేదు. అందుకే అది జబ్బని తెలుసుకోవడానికే ఏడాది పైన పట్టింది. ఇప్పుడు చాలావరకు బాగున్నాను కనుక రాస్తున్నాను. రాసుకుంటే నాకే కాస్త ధైర్యం నిలుస్తుందని ఒక ఆశ. నా వయసు వాళ్ళెవరైనా చదివి, ‘నాకూ ఇదే కదా’ అనుకుంటే మరీ మంచిది.

నా పేరు దానియేలు. మెదక్‌లో సర్కారు బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పే మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడ మార్తమ్మ. ఒక్కతే కూతురు ఎస్తేరు, నర్సాపూర్‌లో టీచరు. బజారు వెనక చిన్న గల్లీలో మాకు సొంత గూన పెంకుల ఇల్లు, వెనక కొట్టం, కొట్టంలో నా రంపాలూ చిత్రికలూ ఉన్నాయి. పింఛను వస్తుంది. మేము పస్తులున్న రోజు ఒక్కటీ లేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, జబ్బులో ఉన్నంతకాలం నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. ఏం తక్కువైందని ఏడుస్తున్నావు అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నాకు ఇద్దరు దోస్తులు. ఒకరు గల్లీ మొదట్లో దుకాణం ఉన్న దర్జీ గౌస్ భాయ్. ఇంకొకడు ఎదురింటి మల్లయ్య. అప్పట్లో మల్లయ్య ఎడ్లబండి తోలేవాడు. మా బడికి కావలసిన కట్టె నర్సాపూర్ నుంచి అతని బండి మీదే వచ్చేది. సాయంత్రం అయిందంటే ముగ్గురం బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో ఒకే బల్ల దగ్గర చేరేవాళ్ళం. ఇవాళ ఒకరు పైసలిస్తే రేపు ఇంకొకరు. ఎవరిచ్చారో ఎవరికీ పట్టేది కాదు.

పంతొమ్మిది వందల అరవైల నడుమ మల్లయ్య బండి లారీ అయింది. లారీ రెండు లారీలైంది. తరువాత రైసుమిల్లులో వాటా వచ్చింది. కష్టపడ్డాడు, కలిసివచ్చింది. సంతోషించిన వాళ్ళలో నేను మొదటివాణ్ణి, ఇది అబద్ధం కాదు. అతని గూన ఇల్లు పోయి అక్కడ మేడ లేచింది. అతన్ని చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టులు పట్టి స్లాబులు వేశారు. గల్లీలో సగం ఇళ్ళు ఆకాశానికి లేస్తే తక్కిన సగం ఇళ్ళు ఉన్నచోటనే ఉన్నాయి. మల్లయ్య మేడ వల్ల మా వాకిట్లోకి పొద్దుటి ఎండ రావడం మానేసింది. అది కూడా నేను నవ్వుతూనే చెప్పేవాణ్ణి.

హోటల్లో మాత్రం ఒక సంగతి మారింది. ఇప్పుడు రోజూ మల్లయ్యే పైసలిచ్చేవాడు. ఒకనాడు నేను జేబులో చెయ్యి పెడితే నా చెయ్యి పట్టుకుని, “ఉండనీ మాస్టరూ, నువ్వెందుకు?” అన్నాడు.

ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ ‘నువ్వెందుకు’ నాతోపాటు ఇంటికి వచ్చింది. నాతోనే పడుకుంది.

అంతకుముందు గల్లీలో ఏ తగువు వచ్చినా, ఏ దరఖాస్తు రాయాలన్నా, పిల్లవాణ్ణి ఏ బడిలో వెయ్యాలన్నా మా అరుగు మీదికి వచ్చేవాళ్ళు. నెమ్మదిగా వాళ్ళంతా ఎదురింటి మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ దండం పెట్టేవాళ్ళు. పెట్టి, నన్ను దాటి పోయేవాళ్ళు.

అరవై ఎనిమిది వానాకాలంలో మల్లయ్య మనవడికి పుట్టువెంట్రుకలు తీసే దావతు జరిగింది. షామియానా వేశారు, హైదరాబాద్ నుంచి బ్యాండు వచ్చింది. ముందు వరసలో ఆఫీసర్లూ మిల్లు సేట్లూ కూర్చున్నారు. నన్ను వెనక కూర్చోమని ఎవరూ చెప్పలేదు. నేనే పోయి చిట్టచివర, వంటవాళ్ళ పక్కన ఉన్న కుర్చీలో కూర్చున్నాను. మల్లయ్య కళ్ళు నాకోసం వెతకడం చూశాను. చూసి తల వంచుకున్నాను. తినకుండానే ఇంటికి వచ్చాను. కడుపునొప్పి అని మార్తమ్మతో చెప్పాను.

ఆ తరువాత నుంచి నిజంగానే ఏదో ఒక నొప్పి ఉండేది. ముందు నిద్ర పోయింది. కోడి కూయకముందే మెలకువ వచ్చేది. వచ్చీ రాగానే రొమ్ము మీద ఎవరో రాయి పెట్టినట్టు ఉండేది. అన్నం మట్టిలాగా ఉండేది. కొట్టంలోకి పోయి చిత్రిక చేతిలోకి తీసుకుంటే, ఇది పట్టుకుని ఇన్నేళ్ళు నేను చేసిందేమిటి అనిపించేది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఊరినిండా ఉన్నారు, వాళ్ళు చేసిన తలుపులు ఊరినిండా ఉన్నాయి. ఆ లెక్క నాకు తట్టేది కాదు. ఎదురింటి మేడ ఒక్కటే కనిపించేది.

చలికాలం వచ్చేసరికి గడ్డం గీసుకోవడం మానేశాను. చర్చికి పోవడం మానేశాను. ప్రతి క్రిస్మస్‌కు ముందు ఇంటికి సున్నం నేనే వేసేవాణ్ణి. ఆ ఏడు సున్నం తడిపి పెట్టి, అట్లాగే వదిలేసి లోపలికి వచ్చి పడుకున్నాను. మార్తమ్మే కొంగు నడుముకు చుట్టి ముందుగోడకు వేసింది. నేను పడుకుని కుంచె చప్పుడు విన్నాను. లేవలేకపోయాను. లేవాలని ఉంది, లేవలేను. ఇది అనుభవించనివాళ్ళకు నేను చెప్పి ఒప్పించలేను.

తెలిసినవాళ్ళు తెలిసిన మందులు చెప్పారు. ఊళ్ళో డాక్టరు నీరసమని బలం సూదులు పొడిచాడు. పాస్టరుగారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ కాసేపు బాగుండేది. ఎవరో గాలి సోకిందన్నారు. మార్తమ్మ ఓపిక పట్టీ పట్టీ ఒకనాడు కంచం నా ముందు పెట్టి కసిరింది.

“ఏం తక్కువైందని గిట్ల పండుకున్నరు మీరు? సొంత ఇల్లుంది, పింఛను వస్తుంది, బిడ్డ నౌకరి చేస్తుంది. కూలికి పోయెటోళ్ళు గూడ నవ్వుకుంట తిరుగుతుండ్రు గదా!”

ఆమె అన్నది నిజమే. నిజం కావడం వల్లనే నేను ఇంకా కిందికి దిగిపోయాను. కాసేపటికి వెనక కొట్టంలో ఆమె ఏడుపు వినిపించింది.

అరవై తొమ్మిది ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా ఇంట్లోంచి బయటపడి ఊరి బయట కాలువ గట్టు మీద కూర్చున్నాను. నీళ్ళు చూస్తూ ఏమి ఆలోచించానో ఇక్కడ రాయను. అట్లాంటి ఆలోచన వచ్చినవాళ్ళకు రాయకపోయినా తెలుస్తుంది. వాళ్ళకు ఒక్కటి చెప్తాను. జ్వరంలో వణుకు వచ్చినట్టు ఆ ఆలోచన కూడా జబ్బులో భాగమే. జ్వరం దిగితే వణుకు పోయినట్టు అదీ పోతుంది. అప్పటిదాకా ఒంటరిగా ఉండకండి. ఎవరికో ఒకరికి చెప్పండి.

నాకు ఆనాడు గౌస్ భాయ్ దొరికాడు. కుట్టిన బట్టలు సైకిలుకు కట్టుకుని హవేలిఘనపూర్ పోతున్నవాడు నన్ను చూసి దిగాడు.

“మాస్టర్ సాబ్, గీడ కూసున్నరేంది?”

“ఊరికెనే.”

ఆయన సైకిలు చెట్టుకు ఆనించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.  నీళ్ళ వైపే చూస్తూ అన్నాడు.

“నేను గూడ హోటల్‌కు పోతలేను. మీకు ఎరికేనా?”

నాకు తెలియదు. వాళ్ళిద్దరూ రోజూ కూర్చుంటున్నారనీ, నా కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉందనీ ఇన్నాళ్ళూ అనుకున్నాను.

“ఎందుకు పోతలేవు?”

“ఏం చెప్పాలె సాబ్. మల్లయ్య రోజు తాగిపిస్తుండు. ఒక్కనాడన్న నేను తాగిపియ్యాలె గదా? నేను పైసలు తీస్తే నవ్విండు. మంచిగనే నవ్విండు పాపం. గాని నాకు ఆ దినం నిద్ర పట్టలె. మా బేగం అడిగితే ఏం చెప్త? దోస్తు చాయ్ తాగిపిచ్చిండని పరేషాన్ అయిన అని చెప్పనా?”

నేను ఆయన ముఖంలోకి చూశాను. నెలల తరువాత ఒక మనిషి ముఖంలోకి సూటిగా చూడడం అదే. ఏడుపు వచ్చింది. గట్టిగానే ఏడ్చాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి నా చేతిలో పెట్టాడు.

“నాకు మిషిను ఉంది. పొద్దుగాల్లకెళ్ళి చేతులు ఆడుతనే ఉంటయి. మీకు చేతులకు పని లేకపాయె. గంతే ఫరక్. లేకుంటే నేను గూడ గీ గట్టు మీదనే ఉందును. లేవుండ్రి, ఇంటికి పోదాం. ఇది దవాఖానకు పొయ్యే బీమారే.”

ఆయన హవేలిఘనపూర్ పోలేదు. సైకిలు నడిపించుకుంటూ మా ఇంటిదాకా వచ్చి, మార్తమ్మను పక్కకు పిలిచి ఏమేమి చెప్పాడో చెప్పాడు. ఆమె ఆనాటి నుంచి నన్ను కసరలేదు.

కబురు అంది ఎస్తేరు వచ్చింది. తల్లీకూతుళ్ళు వాకిట్లో వాదించుకుంటుంటే నేను లోపల మంచం మీద విన్నాను.

“పిచ్చోళ్ళ దవాఖానకు తోలుకపోతవా మీ నాయినను? గల్లీల మొకం ఎట్ల చూపియ్యాలె?”

“పిచ్చి కాదమ్మా. పట్నంల పెద్ద దవాఖానల మనసు బాగలేనోళ్ళకు వేరే డాక్టర్లుంటరు. గల్లీ ఏమంటదో అని నాయినను ఇంట్లనే పండవెట్టుకుందామా?”

 మార్తమ్మ లోపలికి వచ్చి నా తెల్ల చొక్కా వెతికింది.

ఆ ఏడు తెలంగాణ గొడవల వల్ల బస్సులు ఒకరోజు నడిస్తే ఒకరోజు నడిచేవి కావు. నడిచిన రోజు చూసుకుని ముగ్గురం హైదరాబాద్ పోయాం. దవాఖానలో పొడుగాటి వరండా, గోడ పొడుగునా బెంచీలు. నంబరు పిలిచేదాకా కూర్చోవాలి. అక్కడ అరిచేవాళ్ళూ చొక్కాలు చింపుకునేవాళ్ళూ ఉంటారని భయపడ్డాను. అట్లాంటివాళ్ళెవరూ లేరు. నాలాగా చొక్కా ఇస్త్రీ చేసుకుని, చెప్పుల వైపు చూసుకుంటూ కూర్చున్న ముసలివాళ్ళున్నారు. పక్కనున్న ఒకామె ఒళ్ళోని మూట విప్పి, అడగకుండానే మార్తమ్మ కొంగులో ఇన్ని మరమరాలు పోసింది. “మొదటిసారి వచ్చిండ్రా? మెల్లగ పిలుస్తరు, తినుండ్రి,” అన్నది. ఆ మాటతో మార్తమ్మ భుజాలు కాస్త సడలాయి.

లోపల ఉన్నది తల నెరిసిన డాక్టరమ్మ. నిద్ర గురించి, తిండి గురించి అడిగింది. నేను అందరికీ చెప్పినట్టే చెప్పాను.

“నాకేం తక్కువ లేదు డాక్టరమ్మా. ఎందుకో గిట్లయింది.”

ఆమె కలం కింద పెట్టింది. “మీ గల్లీల ఈ మధ్య ఎవరన్న పెద్ద ఇల్లు కట్టిండ్రా?”

నేను అదిరిపడ్డాను. మార్తమ్మ నా వైపు చూసింది. ఎదురింటి సంగతి నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. అప్పుడు చెప్పాను. హోటలు, దావతు, వెనక కుర్చీ, అన్నీ భార్యా కూతురూ వింటుండగా ఆ చిన్న గదిలో చెప్పాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

డాక్టరమ్మ నవ్వలేదు. “ఆకలైతదని వచ్చెటోళ్ళు వేరే ఉన్నరు, వాళ్ళ బాధ వేరు. పక్కింటి గోడ ఎత్తు పెరిగిందని మాత్రం ఎవ్వరు రారు. గుండె దడ అంటరు, నిద్ర లేదంటరు. మీ వయసోళ్ళను జర కూసోవెట్టి అడిగితే మస్తు మంది గిదే చెప్తరు. ఇందుల సిగ్గువడేటిది ఏం లేదు, ఇది జబ్బు. గోలీలు నేనిస్త, పని చేసెతందుకు కొన్ని వారాలు పడ్తది. మనుషులను మాత్రం నేనియ్యలేను. ఇంట్ల పండకుండ్రి, మనుషుల్ల కూసోండ్రి.”

తిరుగు బస్సు సగం దూరం వచ్చాక మార్తమ్మ నా వైపు తిరిగింది. “నాకు ఒక్క మాట చెప్తే ఏమైతుండె?” అన్నది. “నేను గూడ ఆ ఎదురింటి మెట్లు ఎక్కక ఎన్నొద్దులైందో మీకేమెరుక.”

గోలీలు మొదట్లో నోరు ఎండగొట్టాయి. కళ్ళు మూతలు పడేవి. మార్తమ్మ మంచం పక్కన ముంత నిండా నీళ్ళు పెట్టి, వేళకు గుర్తుచేసేది. మృగశిర వానలు పడేసరికి ఒకనాడు పచ్చిమిరపకాయ తొక్కు నాలుకకు తగిలి, కారంగా ఉంది అన్నాను. మార్తమ్మ చేతిలో గరిటె అట్లాగే నిలిచిపోయింది. ఎన్నాళ్ళకో నాకు ఒక రుచి తెలిసింది.

పొద్దున గౌస్ భాయ్ దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాను. గుడ్డ కత్తిరించే బల్ల ఒక కాలు ఊగుతుంటే సరిచేశాను. తరువాత ఎవరిదో కుర్చీ, ఎవరిదో పీట వచ్చింది. ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళూ మా గల్లీ గూన ఇళ్ళవాళ్ళే. ఇన్నాళ్ళూ ఎవరింట్లో వాళ్ళు, ఎవరి నొప్పితో వాళ్ళు పడుకున్నవాళ్ళే.

ఒకనాడు మల్లయ్య దుకాణం ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

“మాస్టరూ, నా మీద ఏమన్న కోపమా?”

“కోపమెందుకు?”

“మరి మీరిద్దరు ఎందుకు రాకవడ్తిరి? నేనొక్కణ్ణే కూసుంటున్న. నన్ను చూస్తే అందరు లేచి నిలవడుతుండ్రు. పక్కన కూసొని మాట్లాడెటోడు ఒక్కడు లేడు. నేనేం తప్పు చేసిన్నో చెప్పు.”

“నువ్వేం తప్పు చేయలే మల్లయ్యా. గదే నాకు కష్టమైంది. నువ్వు ఒక్క మాటన్న అని ఉంటే కొట్లాడెటోణ్ణి, అయిపోతుండె. నీ చాయ్ తాగి తాగి నాకు మాట రాకుంటయింది.”

అతను మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. గౌస్ భాయ్ మిషిను ఆపాడు.

“మా ఇంటికి తిననీకి రా,” అన్నాను.

“నువ్వు పిలిస్తే నేను రానన్ననా? మేడ కట్టినంక ఒక్కనాడన్న పిలిచినవా?”

పిలవలేదు. మా సొట్టలు పడ్డ సిల్వరు తళ్ళెల్లో అన్నం పెట్టడానికి నాకే నామోషీ అయింది.

ఆదివారం మల్లయ్యా గౌస్ భాయ్ ఇద్దరూ వచ్చారు. పక్కింట్లో మంచి కంచాలు అడిగి తెస్తానని మార్తమ్మ అంటే వద్దన్నాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు, తోటకూర. మల్లయ్య చాప మీద మఠం వేసుక్కూర్చుని, మోకాళ్ళ నొప్పులని మూలుగుతూనే మూడో రొట్టె అడిగాడు. తోటకూరలో ఉప్పు తక్కువైందన్నాడు. మార్తమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

“మూడు రొట్టెలు తిన్నంక యాదికొచ్చిందా మల్లన్నా, ఉప్పు తక్కువని?”

ముగ్గురం నవ్వాం. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

ఆ తరువాత హోటలుకు మళ్ళీ పోతున్నాం. గౌస్ భాయ్ పైసలిచ్చిన రోజు మల్లయ్య నవ్వకుండా తాగుతాడు. అంత మాత్రాన గల్లీలో తేడా పోలేదు, పెరిగింది. మల్లయ్య మేడ మీద ఇంకో అంతస్తు లేస్తోంది. మా వాకిట్లో ఎండ ఇంకా ఆలస్యంగా వస్తోంది. పడుచువాడు పక్కింటి మేడ చూస్తే రేపు నేనూ కడతాను అనుకుంటాడు. నా వయసువాడికి కట్టే రేపు లేదు, వెనక్కి తిరిగి చూసుకుంటాడు. చూసుకుంటే బతుకంతా ఒక్కసారిగా చిన్నదైపోయి కనిపిస్తుంది. మా మీద ఇది ఎక్కువ దెబ్బ కొట్టేది అందుకేనని నాకు తోస్తుంది. మేడను నేను దించలేను. బతుకు చిన్నదైందనుకున్నవాళ్ళం నలుగురం ఒకచోట కూర్చుంటే మాత్రం ఆ మేడ కాసేపు కనిపించదు.

జబ్బు పూర్తిగా పోయిందని చెప్పను. డెబ్భై చలికాలంలో మళ్ళీ తొంగిచూసింది. ఈసారి దాన్ని గుర్తుపట్టాను. మార్తమ్మకు అదే రోజు చెప్పాను, వెంటనే పట్నం పోయాను.

ఆనాడు దవాఖాన బెంచీ మీద నా పక్కన ఒక ముసలాయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వెంట ఎవరూ లేరు.

“ఏ ఊరు పటేలా?” అని అడిగాను.

“టేక్మాల్,” అన్నాడు, తిరగకుండానే. “నాకేం రోగం లేదు. నిద్ర పడ్తలేదు, గంతే,” అన్నాడు.

“నాకు గూడ గట్లనే ఉండె.”

అప్పుడు కాస్త ఇటు తిరిగాడు. తమ్ముడి పొలంలో మోటారు పెట్టారట. గట్టుకు అటు పచ్చగా ఉంటే ఇటు తన చెలక ఎండిపోయి ఉంటుందట. తమ్ముడు మంచోడేనట, వడ్లు పంపిస్తాడట. “గా వడ్లు తింటే లోపలికి పోతలేవు,” అన్నాడు. చెప్పి, ఏదో తప్పు మాట అన్నట్టు చుట్టూ చూశాడు.

“నీకు తగ్గిందా?” అని మెల్లగా అడిగాడు.

“తగ్గింది. అప్పుడప్పుడు వస్తది. వస్తే ఇంట్ల పండ, వచ్చి మనుషుల్ల కూసుంట.”

ఇద్దరికీ మందులు ఇచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. టేక్మాల్ పోవాలన్నా మెదక్ దాకా మా బస్సే. పక్కపక్కన కూర్చున్నాం. నర్సాపూర్ అడవి రాకముందే ఆయన తల నా భుజం మీదికి వాలింది. నెలలుగా నిద్ర లేని మనిషి నోరు తెరిచి నిద్రపోయాడు. భుజం తిమ్మిరెక్కినా కదలలేదు.

మెదక్ వచ్చింది. అందరూ దిగిపోయారు. కండక్టరు మా దగ్గరికి వచ్చి, “పెద్దమనిషీ, దిగుండ్రి, ఆఖరి స్టేజీ,” అన్నాడు.

నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను.

“జర ఆగయ్యా. ఈయనను ఇంకొంచెం పండనీ. టేక్మాల్ బస్సు వచ్చినంక నేనే లేపుత.”

కండక్టరు ఆయన ముఖం చూశాడు. టికెట్ల సంచి భుజం మీద సర్దుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగి చాయ్‌కి పోయాడు.